ఓడకు మేనేజరు కావలెను

మార్చి 3, సోమవారం

నట్టుగారు ఈ రోజు మా సోఫాలో కూర్చుని మళ్ళీ లేవలేకపోయారు. అదే ఆయన రాజీనామా. ఓడని కొన్న రోజు నుంచి, అంటే పదహారేళ్ళుగా, దాని బాగోగులు చూస్తున్న సూపరింటెండెంటు ఆయన. జేబులో ఎప్పుడూ నట్టో బోల్టో గలగలలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఆయనకి తెలియదనే అనుకుంటున్నాను.

"మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయమ్మా. ఓడ నిచ్చెన ఎక్కుతుంటే నాకన్నా ముందు వాటి చప్పుడు పైకి వెళ్తోంది. ఈ నెలాఖరుతో నన్ను వదిలెయ్యండి" అన్నారు.

వదిలేస్తే ఓడ సంగతేమిటని అడిగాను. ఏదైనా మేనేజ్‌మెంటు కంపెనీకి అప్పగించమన్నారు. ఓడ మనదే, దాని మీద పేరూ మనదే. మనుషుల్ని పెట్టడం, మరమ్మతులు చేయించడం, తనిఖీలకి సిద్ధం చేయడం, నడిసముద్రంలో ఏమైనా అయితే ఫోన్ ఎత్తడం వాళ్ళ పని. మంచి కంపెనీలు ఏడాదికీ రెండేళ్ళకీ ఒప్పుకోవట. పదేళ్ళకి రాసివ్వాలట.

పదేళ్ళు! నాకు యాభై తొమ్మిది. మా ఆయన పోయిన ఈ రెండేళ్ళూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఓడని నడిపినదాన్ని నేను. నట్టుగారు ఉన్నారు, కాదనను. అయినా నడిపింది నేనే.

ఒంటిగంటకి అలవాటు ప్రకారం కెప్టెన్‌కి ఫోన్ చేశాను. అంతా బాగుందమ్మా అన్నాడు. ఈ రోజు వంట చేపల కూరట.

మార్చి 4, మంగళవారం

వార్త మా మరిది చెవిన పడింది. టిఫిన్ వేళకి దిగాడు.

"వదినా, మీరేం దిగులు పడకండి. నేనున్నానుగా" అన్నాడు. నాకు దిగులు అప్పుడే మొదలైంది.

వాడికి ఓడల గురించి తెలిసిందల్లా అవి నీళ్ళ మీద తేలతాయని. కానీ ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వాడిని మూడుసార్లు భోజనానికి పిలిచారు కాబట్టి అదే ప్రపంచంలోకెల్లా మంచి కంపెనీ అని ఘంటాపథంగా చెప్పాడు. సరే, చూద్దామన్నాను. నేను ఎవరి పక్షమూ కాదు. అందరినీ ఒకే కంటితో చూస్తాను.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. అది పళ్ళ డాక్టరు. ఆయన ఓడని "పెద్దమ్మాయి" అని పిలిచేవారు కాబట్టి ఇది లెక్కప్రకారం చిన్నమ్మాయి అయింది. ఆ మంట దానికి ఇంకా చల్లారలేదు.

"పదేళ్ళకి వేరేవాళ్ళకి ఇవ్వడమంటే నీవల్ల అవుతుందా అమ్మా?" అంది.

ఎందుకు కాదు? ఇచ్చెయ్యడానికేగా వెతుకుతున్నాను.

మార్చి 6, గురువారం

మరిది కంపెనీకి వెళ్ళాం. నేలలో నా మొహం కనిపించింది. గోడలో కూడా కనిపించింది. లిఫ్టులో నాలుగు వైపులా నేనే. అందుకే దానికి నిగనిగ కంపెనీ అని పేరు పెట్టాను.

గాజు పెట్టెలో ఒక బొమ్మ ఓడ ఉంది. ఒక కుర్రపెద్దమనిషి తెర మీద బొమ్మలు చూపించాడు. ఓడలన్నీ సూర్యాస్తమయం వేళ తీసినవే. పగటిపూట వాళ్ళ ఓడలు ఏమవుతాయో మరి! ఇంకో విచిత్రం, నలభై బొమ్మల్లో ఒక్క మనిషి లేడు. నేను చెయ్యెత్తి, "మీ ఓడల్లో వంటాయన సాధారణంగా ఎన్నాళ్ళు ఉంటాడు బాబూ?" అని అడిగాను. మరిది నా కాలు తొక్కాడు.

"అది మరో విభాగం చూస్తుందండీ" అన్నాడు అతను.

"పోనీ, చీఫ్ ఇంజినీరు?"

"అదీ ఆ విభాగమేనండీ."

వంటాయన ఆరు నెలలకొకడు మారే ఓడలో మిగతావాళ్ళూ నిలవరని మా ఆయన అనేవారు. ఆ మాట అక్కడ చెప్పలేదు. "ఆదివారం మధ్యాహ్నం ఇంజను ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని మాత్రం అడిగాను. బంగారు అంచున్న కార్డు ఇచ్చారు. ఇరవైనాలుగు గంటలూ పలికే నంబరట.

ఆదివారం ఎంతో దూరం లేదు.

మార్చి 9, ఆదివారం

భోంచేసి ఆ నంబరుకి ఫోన్ చేశాను. పదకొండు నిమిషాలు సన్నాయి లాంటిదేదో వాయించారు. తర్వాత ఒకటి నొక్కమన్నారు, నొక్కాను. నాలుగు నొక్కమన్నారు, అదీ నొక్కాను. చివరికి ఒక నిద్రమొహం గొంతు పలికింది.

"అయ్యా, పొగ వస్తోంది" అన్నాను. అబద్ధం కాదు. ఆ సంగీతం వింటూ స్టవ్ మీద పాలు మర్చిపోయాను.

"మీ కస్టమర్ నంబరు చెప్పండి."

"పొగ వస్తోందయ్యా!"

"నంబరు లేకపోతే కంప్లయింటు తీసుకోలేమండీ. రేపు తొమ్మిది తర్వాత చెయ్యండి."

గిన్నె తోముకుంటూ చాలాసేపు నవ్వుకున్నాను. మరిదికి చెబితే, "ఓడలో పొగకీ మీ పాలకీ తేడా వాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది వదినా" అన్నాడు. ఎంత గొప్ప కంపెనీ!

మార్చి 11, మంగళవారం

రెండో కంపెనీ వాళ్ళు ఇంటికే వచ్చారు. చెప్పులు గుమ్మం అవతలే వదిలి, నా ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను ఏది అడిగినా సరేనండి అన్నారు. కెప్టెన్‌తో రోజూ నేనే మాట్లాడతానంటే సరేనండి. వంటాయన్ని మార్చకూడదంటే సరేనండి. విడిభాగాలు నన్ను అడగందే కొనకూడదంటే, ఆహా, తప్పకుండా, సరేనండి.

నాకు తెగ నచ్చారు. అంటే, ఎవరి పక్షమూ కాననుకోండి.

మార్చి 12, బుధవారం

ఒంటిగంట. అంతా బాగుందట. కోడికూరట.

మార్చి 14, శుక్రవారం

మూడో కంపెనీ నట్టుగారు చెప్పినది. టైర్ల దుకాణం మీద రెండు గదులు, మెట్ల మీద రబ్బరు వాసన. దాన్ని నడిపే ఆవిడ పదిహేడేళ్ళు ఓడల్లో ఇంజినీరుగా తిరిగిందట. నలభై ఐదు ఉంటాయేమో. మోచేతి మీద పాత కాలిన మచ్చ. ఆవిడకి టైర్లావిడ అని పేరు పెట్టాను. ఇంతకంటే మంచి పేరుకి ఇంకా అర్హత సంపాదించలేదు.

రంగుల పుస్తకం లేదు. తెర లేదు. పోయినేడు వాళ్ళ చేతిలో ఉన్న తొమ్మిది ఓడల్లో ఏమేం చెడిపోయిందీ, ఎవరి పొరపాటు వల్ల చెడిపోయిందీ, ఎన్ని రోజుల్లో బాగు చేశారూ రాసిన ఒక లావు ఫైలు నా ముందుకి తోసింది. అందులో రెండు చోట్ల "పొరపాటు నాదే" అని రాసి సంతకం పెట్టుకుంది. సంబంధం కోసం వచ్చినవాళ్ళకి అప్పడాలు పెట్టకుండా జబ్బుల చీటీలు చూపించినట్టు ఉంది నాకు.

తర్వాత నేను అడగాల్సినవన్నీ ఆవిడే నన్ను అడగడం మొదలుపెట్టింది.

"చీఫ్ ఇంజినీరు ఎన్నేళ్ళుగా ఉన్నారు?"

"పదకొండేళ్ళు" అన్నాను గర్వంగా.

"పోయిన నెల ఓడ నుంచి ఎన్ని లోపాలు రాసి పంపారు?"

"ఒక్కటీ లేదు" అన్నాను ఇంకా గర్వంగా.

ఆవిడ కలం కింద పెట్టింది. "ఒక్కటీ లేదా?"

"రెండేళ్ళుగా ఒక్కటీ లేదు."

"పదహారేళ్ళ ఓడకా?"

"మా ఓడ అలాంటిది."

అంతలో బల్ల మీది ఫోన్ మోగితే ఆవిడ రెండో గంటకే తీసి, "ఏ వాల్వు? ఎడమదా, కుడిదా?" అని మాట్లాడి పెట్టేసింది. తర్వాత నాకేసి తిరిగి, "ఓడని చూశాకే, మేము తీసుకుంటామో లేదో చెప్తాను" అంది.

ఆవిడ తీసుకుంటుందో లేదో! కంపెనీని చూడటానికి వెళ్ళింది నేను. నన్ను వరుసలో నిలబెట్టి మార్కులు వెయ్యడానికి ఆవిడెవరు?

మార్చి 15, శనివారం

అమ్మాయికి చెప్పాను, నాకు వంత పాడుతుందని.

"రెండేళ్ళుగా ఒక్క పన్నూ నొప్పి లేదని వచ్చే ముసలాయన్ని నేను ముందు నోరు తెరవమంటానమ్మా" అంది.

దానికి ఓడల గురించి ఏం తెలుసు?

మార్చి 16, ఆదివారం

ఒంటిగంటకి చేశాను. ఏం వండారని అడిగాను. చెప్పాడు. ఇంకేమైనా ఉందా అని అడగబోయాను. ఇంకేం ఉంటుంది?

ఓడ ఎల్లుండి మన రేవుకి వస్తుంది. ఇరవై ఏడున పంచదార నింపుకుని బయలుదేరాలి, పద్దెనిమిది రోజుల ప్రయాణం. వర్షాలు మొదలైన సముద్రమట అటువైపు.

మార్చి 19, బుధవారం

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున తొమ్మిదికి నేనూ, మరిదీ, నట్టుగారూ రేవుకి వెళ్ళాం. ఓడని చూడటానికి టైర్లావిడ కూడా వచ్చింది. నట్టుగారు కిందే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఓడ మెరిసిపోతోంది. కొత్త రంగు. డెక్కు ఎర్రగా, మూతలు ఆకుపచ్చగా, గొట్టాలు తెల్లగా. సిబ్బంది అంతా వరసగా నిలబడి దణ్ణం పెట్టారు. "చూశావా?" అన్నట్టు టైర్లావిడ వంక చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. అప్పటికే సరుకు గది మూత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"ఇదేమిటండీ?" అని అడిగింది.

"మూత చుట్టూ ఉండే రబ్బరు. నీళ్ళు లోపలికి పోకుండా" అన్నాను. నాకూ తెలుసు కొన్ని.

"రబ్బరు ఏ రంగులో ఉంటుంది?"

"నల్లగా."

ఆ రబ్బరు ఆకుపచ్చగా ఉంది. మూతకి వేసిన రంగే దానికీ వేశారు. ఎంత చక్కగా వేశారంటే ఎక్కడ మూత అయిపోయి ఎక్కడ రబ్బరు మొదలైందో తెలియడం లేదు. ఆవిడ బొటనవేలి గోరుతో నొక్కింది. రబ్బరు లోపలికి దిగలేదు. పెళుసుగా విరిగి ఒక ముక్క ఆవిడ చేతిలోకి వచ్చింది.

"రంగు వేస్తే ఇది గట్టిపడిపోతుందండీ. పెద్ద అల వస్తే నీళ్ళు తిన్నగా లోపలికే. మీరు పంచదార వేద్దామనుకుంటున్నారు. చేరేసరికి పానకం అవుతుంది."

మరిది నవ్వాడు. నేనూ నవ్వబోయాను.

తర్వాత ఇంజను గది పైనున్న ఇనప తలుపు దగ్గరికి వెళ్ళాం. కింద నిప్పు అంటుకుంటే గాలి అందకుండా దాన్ని మూసెయ్యాలి. మామూలు రోజుల్లో తెరిచే ఉంటుంది. "ఒకసారి మూసి చూపించండి" అంది ఆవిడ ఒక నావికుడితో. అతను పిడి పట్టుకుని లాగాడు. ఇంకొకడు వచ్చాడు. ఇద్దరూ లాగారు. కీళ్ళ మీద రంగు పొరలు పొరలుగా పేరుకుని తలుపూ చట్రమూ ఒకటైపోయాయి. చీఫ్ వచ్చి సుత్తితో కొట్టాడు. కెప్టెన్ స్వయంగా వచ్చి లాగితే పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక, నాకు బహుమతి ఇస్తున్నట్టు నిలబడ్డాడు పాపం.

"కింద ఎంతమంది పని చేస్తారు?" అని అడిగాను.

"పగలు ఐదుగురు అమ్మగారూ" అన్నాడు చీఫ్, నేలచూపులు చూస్తూ.

రెండేళ్ళుగా నేను రోజూ ఒంటిగంటకి ఆ ఐదుగురు ఏం తిన్నారో అడుగుతున్నాను.

మార్చి 20, గురువారం

ఈ రోజు ఫోన్ చెయ్యలేదు.

మార్చి 21, శుక్రవారం

నట్టుగారిని పిలిపించాను. వచ్చి, లేవడం తేలికని ఈసారి చెక్క కుర్చీలో కూర్చున్నారు. గదమాయించాను. పదహారేళ్ళలో ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు.

"మీకు తెలుసా, తెలియదా?"

"తెలుసమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి గలగలలాడించారు. చాలాసేపు. "సారు పోయిన రెండో నెలలో చీఫ్ మీకు ఫోన్ చేసి, ఇంజను వేడెక్కకుండా చూసే చల్లటి నీళ్ళ పంపు పాడైంది, కొత్తది కావాలన్నాడు. గుర్తుందామ్మా?"

గుర్తుంది.

"ఆ పంపు ఆయన స్వయంగా బిగించారు, దాన్ని తీసేస్తారా అని మీరు ఫోన్‌లో ఏడ్చారు. ఓడలో స్పీకర్ పెట్టి ఉంది. అందరూ విన్నారు. ఆ రోజు వంటాయన అన్నం వండలేకపోయాడు. ఇంక అమ్మగారికి చెడ్డ మాట చెప్పకూడదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను."

"పాత పంపు ఏం చేశారు?"

"దానికే కట్లు కట్టి నడిపిస్తున్నాడు చీఫ్. ఏ వస్తువు కావాలన్నా మీ సంతకం కావాలి కదమ్మా. సంతకం కావాలంటే ఏం పాడైందో చెప్పాలి. మిమ్మల్ని అడక్కుండా దొరికేది రంగు ఒక్కటే. అందుకని పాడైనప్పుడల్లా రంగు వేశారు."

నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇరవై ఒక్క మంది నన్ను ఏడిపించకూడదని రెండేళ్ళు చావు పక్కన పడుకున్నారు. అదీ ప్రేమే. అంత తెలివితక్కువ ప్రేమ నేనెక్కడా చూడలేదు, ఒక్క నా దగ్గర తప్ప.

మార్చి 22, శనివారం

టైర్లావిడ ఫోన్ చేసింది. ఓడని తీసుకుంటానంది, రెండు షరతులతో. ఒకటి, పంచదార వేసేముందు పన్నెండు రోజులు ఓడని డ్రై డాక్‌లో నీళ్ళ బయట నిలబెట్టి బాగు చేయించాలి. సరే. రెండోది, ఇకమీదట నేను ఓడకి ఫోన్ చెయ్యకూడదు.

"మీరు మాకు చెయ్యండి. ఎన్నిసార్లయినా చెయ్యండి. ఓడకి మాత్రం వద్దు. కెప్టెన్‌కి ఇద్దరు పెద్దలుంటే, ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళకి అదే చెప్తాడు."

"ఏం వండారో కూడా అడక్కూడదా?"

"కుదరదండి."

"వారానికి ఒక్కసారి?"

"కుదరదండి."

ఫోన్ పెట్టేశాను. మర్యాదగా పెట్టలేదు.

మార్చి 23, ఆదివారం

బాగా ఆలోచించాను. సరేనండి కంపెనీయే మేలు. తలుపు విషయం వాళ్ళకి చెబితే చేయించేస్తారు, దానికేముంది? రబ్బరు కూడా మార్పిస్తారు. ఏది చెబితే అది చేస్తారు కాబట్టి ఇదీ చేస్తారు. టైర్లావిడ దగ్గర టైర్ల వాసన. పైగా ఓనరు అంటే గౌరవం లేదు. ఇది నేను ఫోన్ కోసం అంటున్న మాట కాదు. ఫోన్‌దేముంది? రోజుకి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం పొద్దుట్నుంచీ ఎదురు చూస్తానా ఏమిటి?

మరిదికి చెప్పాను. వాడికి నిగనిగ పోయిందన్న బాధ ఉన్నా, ఏదో ఒక సంతకం చూస్తానన్న సంతోషంలో ఉన్నాడు.

మార్చి 24, సోమవారం

పదిన్నరకి సరేనండివాళ్ళు కాగితాలతో వచ్చారు. ఇద్దరు. మరిది కొత్త కలం తెచ్చాడు. అమ్మాయి క్లినిక్‌కి వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. మాట్లాడలేదు. అది మాట్లాడకపోతే నాకు చిరాకు.

కలం మూత తీశాను. పెట్టబోతూ ఎందుకో, "ఇంజను గది మీద తలుపు రంగుతో అతుక్కుపోయింది" అన్నాను.

"చేయించేద్దామండీ."

"పంచదార ఇరవై ఏడునే వెళ్ళాలి. డ్రై డాక్‌కి పంపకుండానే చేయించగలరా?"

"సరేనండి. దారిలో చేయిస్తాం."

"దారిలో వర్షాలట."

"వర్షం ఆగినప్పుడు చేయిస్తామండీ."

అమ్మాయి గుమ్మం దగ్గర చిన్నగా దగ్గింది. నాలో ఏదో దయ్యం నిద్ర లేచింది.

"ఓడ మొత్తానికి పసుపు రంగు వేయించాలనుంది" అన్నాను.

"సరేనండి."

"పసుపు మీద ఊదారంగు చుక్కలు."

పెద్దాయన పుస్తకం తీసి రాసుకున్నాడు. "చుక్కలు ఎంత సైజులో ఉండాలండీ?"

"పళ్ళేలంత."

"సరేనండి."

"ముందువైపు పెద్ద మీసాలు."

చిన్నాయన పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన తొణకలేదు. "పైకి తిరిగినవా, కిందకి దిగినవా?"

మరిదికి పొలమారింది. అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నేను నవ్వలేదు. అంతా బాగుందమ్మా అన్న మాటే ఆ గొంతులో వినపడింది నాకు, అచ్చం అదే. రెండేళ్ళుగా నన్ను జో కొడుతున్న మాట. మా వాళ్ళు ప్రేమ కొద్దీ అన్నారు, వీళ్ళు బేరం కొద్దీ అంటున్నారు. కింద పనిచేసే ఐదుగురికి రెండూ ఒకటే.

కలానికి మూత పెట్టి, వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపించాను. పాపం, గేటు దాటుతూ కూడా మీసాల సంగతి ఫోన్ చేసి చెప్పమన్నారు.

మార్చి 25, మంగళవారం

టైర్ల దుకాణం మీదికి మళ్ళీ ఎక్కాను. మోకాళ్ళ నొప్పి నాకూ మొదలైనట్టుంది.

"నేను అడిగితే మా ఓడకి మీసాలు పెడతారా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "కుదరదండి. ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే" అన్నాను. పదేళ్ళకి సంతకం పెట్టాను.

కెప్టెన్‌కి చివరిసారిగా అక్కడి నుంచే ఫోన్ చేశాను, ఆవిడ ఎదురుగానే. "ఇకనుంచి ఏం పాడైనా ఈవిడకి చెప్పండి. దాచితే ఊరుకోను" అన్నాను. అటునుంచి, "చల్లటి నీళ్ళ పంపు ఆఖరి దశలో ఉందమ్మా" అన్నాడు. పక్కనే చీఫ్ గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

మార్చి 28, శుక్రవారం

ఓడ డ్రై డాక్‌లో నిలబడింది. పంచదారవాళ్ళు ఆగుతామన్నారు.

ఒంటిగంట అయింది. రేడియో పెట్టాను.

మార్చి 31, సోమవారం

ఈ రోజుతో నట్టుగారి ఉద్యోగం అయిపోయింది. పొద్దునే వచ్చారు. ఒంటిగంట వేళ ఇద్దరం బల్లకి అటూ ఇటూ కూర్చుని ఫోన్ వంక చూడకుండా భోంచేశాం. ఆయనా ఓడకి రోజూ ఫోన్ చేసేవారట, నాకు తెలియకుండా, రెండింటికి. నేను ఏడ్చానో లేదో కనుక్కోవడానికి.

ఏప్రిల్ 7, సోమవారం

టైర్లావిడ మొదటి నివేదిక పంపింది. నలభై మూడు లోపాలు! కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. రబ్బరు అంతా మార్చారు. తలుపు ఇప్పుడు ఒక్క చేత్తో మూసుకుంటోందట, పక్కన ఫోటో పెట్టారు. కొత్త పంపు బిగించారు. ఒక్కొక్కటే చదువుతుంటే, ఎన్నాళ్ళ తర్వాతో ఓడ నాతో నిజం మాట్లాడుతున్నట్టు అనిపించింది. నలభై రెండు పూర్తయ్యాయి. మిగిలింది ఒక్కటి.

"నలభై మూడు: ఓనరు గది. రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. తాళం చెవి ఓనరు గారి దగ్గరే ఉందని సిబ్బంది చెప్పారు. లోపల పైపు కారుతోంది. ఆ నీరు గోడలోంచి పక్కనున్న సెకండ్ ఇంజినీరు గదిలోకి దిగుతోంది. ఆయన పదకొండు నెలలుగా మంచం పక్కన బకెట్ పెట్టుకుని పడుకుంటున్నారు. ఎవరికీ చెప్పలేదు."

మా ఆయన ఓడలో ప్రయాణం చేసినప్పుడల్లా ఉండే గది అది. తాళం వేసింది నేను. లోపల చొక్కాలు కొక్కేలకి వేలాడుతూ, చదువుతున్న పుస్తకం తలగడ మీద బోర్లించి, అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉండాలని. ఎవరూ చెయ్యి పెట్టకూడదని. రెండేళ్ళుగా ఆ చొక్కాలు అక్కడ ఉన్నాయనుకుంటే నాకు ధైర్యంగా ఉండేది. అవి తడుస్తూ బూజు పట్టిపోతున్నాయి. గోడ అవతల ఒక మనిషి చప్పుడు కాకుండా బకెట్ పారబోసుకుంటున్నాడు.

ఏడ్చాను. దాచుకోవాల్సిన అవసరం లేదు, ఈ ఇంట్లో స్పీకర్ లేదు.

మొహం కడుక్కుని టైర్లావిడకి ఫోన్ చేశాను. రెండో గంటకి ఎత్తింది.

"తాళం పగలగొట్టించండి. లోపలున్నవన్నీ తీయించి పారెయ్యండి. పైపు బాగు చేసి ఆ గది సెకండ్ ఇంజినీరుకి ఇచ్చెయ్యండి" అన్నాను, గబగబా, మనసు మారేలోపు.

"కుదరదండి" అంది.

"ఇంకా ఏం కుదరదు?" అని అరిచాను.

"గది ఆయనకే ఇద్దాం. కానీ మీ వారి సామాను మా వాళ్ళ చేత తీయించను. మీరే వచ్చి తీసుకోవాలి. కొన్ని పాడవలేదేమో, అది మీకే తెలుస్తుంది. ఓడ గురువారం రేవుకి వస్తుంది. పెద్ద సంచులు తెచ్చుకోండి, నేను సాయం చేస్తాను."

గురువారం పదింటికి వస్తానన్నాను. కుదరదండి, పదికి పంచదార ఎక్కించడం మొదలవుతుంది, తొమ్మిదికల్లా రమ్మంది. సరేనన్నాను.